జపాన్‌లో స్టూడెంట్ జీవితం రోజువారీగా ఎలా ఉంటుంది? ఏప్రిల్‌లో టోక్యో వెళ్దామనుకుంటున్నా

మున్నేరు_అమ్మాయి
9 నవంబర్ 2025

అందరికీ నమస్తే. మాది ఖమ్మం. బీటెక్ ఈసీఈ అయిపోయి ఏడాది దాటింది. టోక్యోలో ఒక జపనీస్ లాంగ్వేజ్ స్కూల్‌కి వచ్చే ఏప్రిల్ బ్యాచ్‌లో అప్లై చేశాను. సీఓఈ (వీసాకి ముందు జపాన్ ఇచ్చే అర్హత పత్రం) కోసం కాగితాలు వెళ్లాయి, ఫిబ్రవరి ఆఖర్లో వస్తుందంటున్నారు. జపనీస్ భాష పరీక్షలో అన్నిటికన్నా కింది మెట్టు ఎన్5 అయింది, డిసెంబర్‌లో దాని పై మెట్టు ఎన్4 రాస్తున్నా.

యూట్యూబ్ తెరిస్తే చెర్రీ పూలు, షిబుయా క్రాసింగ్, వెండింగ్ మెషీన్లు. అవి చూసీ చూసీ విసుగొచ్చింది. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా అక్కడ నిజంగా ఎలా ఉంటుందో ఎవరైనా చెప్పండి. గది ఎలా దొరుకుతుంది, వంట కుదురుతుందా, జ్వరమొస్తే ఎంత ఖర్చు, ఇలాంటివి. నేను గుడ్డు తింటాను, చేప, మాంసం తినను.

ఇంకో విషయం. కన్సల్టెన్సీ వాళ్లు "పార్ట్‌టైమ్ చేస్తే నెలకు మన డబ్బుల్లో రెండు లక్షలు వస్తుంది, ఫీజు కూడా అందులోంచే కట్టేసుకోవచ్చు" అన్నారు. ఫీజు మొదటి ఏడాదికి ఎనిమిది లక్షల యెన్లు. నాన్న ఈ మాట నమ్మడం లేదు. అమ్మకేమో భూకంపాల భయం.

నైట్‌షిఫ్ట్_నాని
9 నవంబర్ 2025

మీ నాన్నగారిదే కరెక్ట్. లెక్క వేసి చూపిస్తా.

స్టూడెంట్ వీసా మీద పని చేయాలంటే విడిగా పర్మిషన్ తీసుకోవాలి. ఎయిర్‌పోర్టులో దిగినప్పుడే ఫారం ఇస్తే రెసిడెన్స్ కార్డు వెనక స్టాంపు వేసి ఇస్తారు. వారానికి 28 గంటలు. రెండు చోట్ల చేస్తే రెండూ కలిపి 28. సోమవారం నుంచి ఆదివారం దాకా అని కాదు, ఏ రోజు నుంచి మొదలుపెట్టి ఏడు రోజులు లెక్కేసినా 28 దాటకూడదు. స్కూలు ఇచ్చే పెద్ద సెలవుల్లో మాత్రం రోజుకు 8 గంటల దాకా చేయొచ్చు.

టోక్యోలో కనీస వేతనం 2025 అక్టోబర్ నుంచి గంటకు 1,226 యెన్లు. వారానికి 28 గంటలు నిండా చేస్తే నెలకు లక్షా నలభై ఏడు వేల యెన్ల చుట్టూ వస్తుంది. మన డబ్బుల్లో ఎనభై ఐదు వేలు. రెండు లక్షల రూపాయలు రావాలంటే వారానికి 65 గంటలు చేయాలి. అంటే మీ కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నది చట్టం దాటమని. ఆ ముక్క మాత్రం పైకి అనరు.

ఖర్చు చూడండి. షేర్ హౌస్‌లో గది 50 వేలు. తిండి 30 వేలు, అదీ మీరే వండుకుంటే. రైలు 10 వేలు. ఫోను, ఇన్సూరెన్సు కలిపి 5 వేలు. కరెంటు, గ్యాసు, చిల్లర ఖర్చులు మరో 10. మొత్తం లక్షా ఐదు వేలు పోతే చేతిలో మిగిలేది 42 వేలు. మీ ఫీజును పన్నెండు నెలలకు పంచితే 66 వేల పైమాటే. ప్రతి వారం పని నిండుగా దొరికినా ఏడాదికి దాదాపు మూడు లక్షల యెన్లు తక్కువ పడుతుంది. పైగా మొదటి రెండు మూడు నెలలు పని దొరకడమే కష్టం. ఎన్4 ఉన్నవాళ్లని కన్వీనియెన్స్ స్టోర్ కౌంటర్‌లో సులువుగా తీసుకోరు. బిల్లు కొట్టడంతో అయిపోదు కదా అక్కడ, పార్శిళ్లు, కరెంటు బిల్లులు, టికెట్లు అన్నీ ఆ కౌంటర్ మీదే.

నాలాంటి వాళ్లు మొదట చేరేది బెంతో ఫ్యాక్టరీలోనే, అంటే ప్యాక్ చేసిన భోజనం డబ్బాలు తయారయ్యే చోటు. రాత్రి పది నుంచి పొద్దున ఐదు దాకా 25 శాతం ఎక్కువ ఇవ్వాలని చట్టం, అందుకే అందరూ ఆ షిఫ్టు అడుగుతారు. భాష పెద్దగా అక్కర్లేదు. లోపల ఒకటే చలి. కన్వేయర్ మీద డబ్బా వస్తుంటే ఒకరు అన్నం, ఒకరు వేయించిన ముక్క, ఒకరు ఊరగాయ పెడుతూ పోవాలి, తెల్లారేదాకా అదే పని. పక్కన నిలబడేది ఎక్కువగా నేపాలీలు, హిందీ కలుస్తుంది కాబట్టి కాలక్షేపం అవుతుంది. కష్టం ఆ తర్వాతే. పొద్దున తొమ్మిదికి క్లాసు. నిద్రపోతే అటెండెన్స్ పోతుంది, అటెండెన్స్ పోతే వీసా రెన్యువల్‌లో అడుగుతారు. 28 దాటి పని చేసినా అక్కడే దొరికిపోతారు, ఎందుకంటే ఏడాదంతా ఎంత సంపాదించారో వార్డు ఆఫీసు ఇచ్చే ట్యాక్స్ సర్టిఫికెట్‌లో ఉంటుంది.

నన్ను పంపిన ఏజెంటు కూడా ఇదే పాట పాడాడు. పేరు చెప్పను గానీ, ఫీజు అంతా ఇంటి నుంచే వస్తుందనుకుని బయల్దేరండి. పార్ట్‌టైమ్ తిండికీ గదికీ.

మ్యూనిక్_మామ
9 నవంబర్ 2025

ఇంత కష్టం ఎందుకమ్మా. జర్మనీ రా. పబ్లిక్ యూనివర్సిటీల్లో ఫీజే లేదు.

నైట్‌షిఫ్ట్_నాని
9 నవంబర్ 2025

మామా, మీ ఊళ్లోని టెక్నికల్ యూనివర్సిటీ టీయూఎం 2024 నుంచి మనలాంటి బయటి దేశాల వాళ్ల దగ్గర ఫీజు మొదలుపెట్టింది కదా. కాస్త చూసుకోండి.

మోడరేటర్
9 నవంబర్ 2025

జర్మనీకి వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి. కన్సల్టెన్సీల ఫోన్ నంబర్లు పెట్టినవి రెండు పోస్టులు తీసేశాను.

కొత్తిమీర_కట్ట
10 నవంబర్ 2025

టోక్యోలోని నిషి కసాయి దగ్గర ఉంటాను, మాస్టర్స్ చేస్తున్నా. తిండి సంగతి నేను చెప్తా, ఎందుకంటే శాకాహారులకి ఇక్కడ మొదటి దెబ్బ తగిలేది అక్కడే.

మాంసం ముక్క కనపడకపోతే వెజ్ అని తినేయొద్దు. మిసో సూప్, ఉదోన్ నూడుల్స్ పులుసు, ఉడికించిన గుమ్మడికాయ, చివరికి పైకి మామూలుగా కనిపించే ఆమ్లెట్ లాంటి దానిలో కూడా దాషి అనే రసం ఉంటుంది. దాన్ని ఎక్కువగా కత్సువో అనే చేపని ఎండబెట్టి, పొగబెట్టి, తురిమి కాచి తీస్తారు. "నికు నాషి" (మాంసం వద్దు) అని అడిగితే ముక్కలు తీసేసి ఇస్తారు, పులుసు మాత్రం అదే. వాళ్లు మోసం చేస్తున్నట్టు కాదు, వాళ్ల లెక్కలో అది మాంసం కాదు, అంతే. ప్యాకెట్ వెనక మాంసం, పంది, చేప, ఆవు అన్న నాలుగు కంజీలు (జపనీస్ రాతలో వాడే చైనా అక్షరాలు) బొమ్మల్లా గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాది ఫోన్ కెమెరా అనువదిస్తుంది. బ్రెడ్డు, బిస్కెట్లు కూడా చూసుకోవాలి, కొన్నిట్లో పంది కొవ్వు ఉంటుంది.

"ఇండియన్ రెస్టారెంట్" అని బోర్డు ఉన్నవి చాలావరకు నేపాలీలవి. పళ్లెం దాటిపోయే నాను, కాస్త తియ్యగా ఉండే కూర. బాగుంటుంది, కానీ సాంబారు మీద ఆశ పెట్టుకోకండి. కోకో ఇచిబన్యా అనే కర్రీ రైస్ హోటళ్లలో కొన్ని బ్రాంచీలు వెజిటేరియన్ కర్రీ పెడతాయి. ఇడ్లీ, దోశ కావాలంటే నిషి కసాయి రావాల్సిందే. 2000 సంవత్సరం ముందూ వెనకా వైటూకే (కంప్యూటర్లలో 2000 తేదీ సమస్య) పనుల కోసం వచ్చిన ఐటీ వాళ్లు ఇక్కడ సెటిలయ్యారు, తోజై లైన్ ఎక్కితే ఓతెమాచి ఆఫీసులకి నేరుగా పోవచ్చని. ఇండియన్ స్కూలు, పప్పుల షాపులు అన్నీ ఉన్నాయి. షిన్ ఓకుబోలో కూడా మసాలా షాపులు దొరుకుతాయి, అక్కడ కాస్త చవక.

బియ్యం: ఇక్కడి బియ్యం ముద్దగా అవుతుంది, పెరుగన్నానికి చాలా బాగుంటుంది, పులిహోరకి పనికిరాదు. 2024 వేసవిలో సూపర్ మార్కెట్లలో బియ్యం అరలు ఖాళీ అయిపోయాయి, 2025కి ఐదు కిలోల సంచి నాలుగు వేల యెన్లు దాటింది. అప్పట్నుంచి మా ఫ్లోర్‌లో అందరం ఇండియన్ షాపులో సోనా మసూరి పెద్ద సంచి తెచ్చి పంచుకుంటున్నాం. పెరుగుకి మెయిజీ బల్గేరియా డబ్బా తోడు వేస్తే చక్కగా తోడుకుంటుంది. బెండకాయలు ఎండాకాలంలో దొరుకుతాయి, చిన్న వలసంచిలో లెక్కపెట్టి. ముల్లంగి మాత్రం మన చెయ్యంత. కొత్తిమీర పేరు పకుచీ, నాలుగు రెబ్బలకి చెప్పే ధర వింటే నా పేరు ఎందుకిలా పెట్టుకున్నానో అర్థమవుతుంది.

సామాన్లలో అందరూ మిక్సీ పెట్టుకొస్తారు. తేవొద్దు. ఇక్కడ కరెంటు 100 వోల్టులు, మన 230 వోల్టుల మిక్సీ సరిగ్గా తిరగదు. అమెరికా వెళ్లేవాళ్ల కోసం అమ్మే 110 వోల్టుల మిక్సీ అయితే నడుస్తుంది. కుక్కర్ తెచ్చుకోండి, అడుగు ఇండక్షన్‌కి పనికొచ్చేదై ఉండాలి. డార్మ్ గదుల్లో చాలావాటిలో ఒకే ఒక్క ఇండక్షన్ స్టవ్వు ఉంటుంది. తాలింపు పెట్టే ముందు ఎగ్జాస్ట్ ఫ్యాను వేయాలి, ఎండుమిర్చి ఘాటుకి పొగ అలారం మోగిన గదులు నాకు తెలుసు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, ఏ రకం మాంసం పచ్చడి అయినా తేవడం కుదరదు, బ్యాగు విప్పించి తీసేస్తారు. డాక్టర్ రాసిన మందులు నెలకు సరిపడా మించితే ముందే పర్మిషన్ తీసుకోవాలి.

మున్నేరు_అమ్మాయి
10 నవంబర్ 2025

నాని గారూ, అక్కా, చాలా థాంక్స్. లెక్క నాన్నకి చదివి వినిపించాను. "చెప్పానా" అన్నారు. గది గురించి, ఆఫీసు పనుల గురించి కూడా ఎవరైనా చెప్పగలరా? స్కూల్ డార్మ్ ఆరు నెలలే ఇస్తారట.

సెందాయ్_శీను
10 నవంబర్ 2025

తొహొకు యూనివర్సిటీ, పీహెచ్‌డీ. కాగితాల సంగతి నేను చెప్తా.

రెసిడెన్స్ కార్డు నరితా, హానెదా లాంటి పెద్ద ఎయిర్‌పోర్టుల్లో చేతికే ఇచ్చేస్తారు. దాని మీద అడ్రస్ ఖాళీగా ఉంటుంది. గదిలో దిగిన 14 రోజుల్లోపు మీ వార్డు ఆఫీసుకెళ్లి అడ్రస్ రాయించాలి. అదే రోజు అదే బిల్డింగులో నేషనల్ హెల్త్ ఇన్సూరెన్సు, పెన్షను కౌంటర్లు కూడా చూసుకుని రండి, మళ్లీ తిరిగే పని ఉండదు.

ఇన్సూరెన్సు తప్పనిసరి. కిందటి ఏడాది ఆదాయం లేదని రాసిస్తే ప్రీమియం తగ్గుతుంది, చాలా చోట్ల నెలకు రెండు వేల యెన్ల చుట్టూ ఉంటుంది. డాక్టర్ దగ్గర బిల్లులో 30 శాతం మనం కట్టాలి. జ్వరానికి వీధి చివర క్లినిక్‌కి వెళ్తే రెండు మూడు వేలతో మందులతో సహా అయిపోతుంది. పేరుందని నేరుగా పెద్ద హాస్పిటల్‌కి పోతే రిఫరల్ లెటర్ లేనందుకు అదనంగా కనీసం 7,000 యెన్లు వేస్తారు. అంబులెన్స్ నంబర్ 119, దానికి డబ్బు తీసుకోరు. పోలీసు 110.

పెన్షన్ దగ్గర చాలామంది జారిపోతారు. ఇరవై నిండిన అందరూ చేరాలి, 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా నెలకు 17,510 యెన్లు. స్టూడెంట్లు వాయిదా అడగొచ్చు. మీ లాంగ్వేజ్ స్కూల్ ఆ పథకం కిందికి రాకపోతే, ఆదాయం తక్కువ అని మినహాయింపుకి అప్లై చేయండి. ఇంటికొచ్చిన కవర్లు విప్పకుండా డ్రాయర్‌లో పడేసేవాళ్లని చూశాను. ముఖ్యమైనవన్నీ ఇక్కడ పోస్టులోనే వస్తాయి, ఈమెయిల్ కాదు.

ఫోన్ కావాలంటే బ్యాంకు అకౌంటు అడుగుతారు, బ్యాంకుకెళ్తే ఫోన్ నంబరు అడుగుతారు. ఈ ముడి విప్పడానికి సులువైన దారి, కన్వీనియెన్స్ స్టోర్‌లో నెలనెలా డబ్బు కట్టే సిమ్ మొదట తీసుకోవడం, తర్వాత పోస్టాఫీసు బ్యాంకు. స్కూల్ వాళ్లే గుంపుగా తీసుకెళ్తారు సాధారణంగా.

గది విషయం పెద్దది. బయట అపార్ట్‌మెంటు అంటే డిపాజిట్, ఓనరుకి తిరిగిరాని కానుక సొమ్ము రెయికిన్, బ్రోకర్ ఫీజు, గ్యారంటీ కంపెనీ ఫీజు, మొదటి నెల అద్దె, తాళం మార్చినందుకు డబ్బు. అన్నీ కలిపి చేరే రోజునే నాలుగైదు నెలల అద్దె అవుతుంది. గది ఖాళీగా ఇస్తారు, లైటు కూడా కొన్నిసార్లు ఉండదు. విదేశీయులకి ఇవ్వమని ఓనర్ చెప్పాడని బ్రోకర్ మొహం మీదే చెప్తాడు, చాలా మర్యాదగా. దానికి మనసు పాడుచేసుకోకుండా తర్వాతి గది చూపించమనడమే. డార్మ్ తర్వాత మొదటి ఏడాది షేర్ హౌస్ నయం.

ఫుకుఓకా_బాబాయ్
11 నవంబర్ 2025

అందరూ టోక్యో లెక్కలే చెబుతున్నారు. చదువుకోవడానికి టోక్యోనే ఎందుకమ్మా? ఫుకుఓకాలో యూనివర్సిటీకి దగ్గర్లో గది ముప్పై, నలభై వేలకి దొరుకుతుంది. కనీస వేతనం 2025 నవంబర్ 16 నుంచి 1,057 యెన్లు, అంటే టోక్యో కన్నా తక్కువే, కానీ మిగిలేది ఎక్కువ. సైకిలు మీద ఊరంతా తిరగొచ్చు, రైలు ఖర్చు మిగులుతుంది. ఇంకోటి ఎవరూ చెప్పలేదు: చాలా లాంగ్వేజ్ స్కూళ్ల స్టూడెంట్లకి రైలు పాసులో స్టూడెంట్ రాయితీ రాదు. యూనివర్సిటీ వాళ్లకి వస్తుంది. మీ స్కూల్‌ని ఇప్పుడే అడగండి.

ఇక చెత్త. నవ్వకండి, ఇక్కడ ఇరుగుపొరుగుతో గొడవలన్నీ చెత్త దగ్గరే మొదలవుతాయి. కాలేది, కాలనిది, ప్లాస్టిక్ సీసాలు, డబ్బాలు, కాగితాలు, దేని రోజు దానిది. సీసాకి మూత తీసి, లేబుల్ ఊడదీసి, కడిగి పెట్టాలి. తప్పు రోజున పెడితే లారీ వాళ్లు స్టిక్కర్ అంటించి అక్కడే వదిలేస్తారు, వీధంతా చూస్తుంది. టోక్యోలో పొద్దున ఎనిమిదిలోపు పెట్టాలి, కాకులు పీకకుండా పైన వల కప్పాలి. మా ఫుకుఓకాలో రాత్రిపూట తీసుకెళ్తారు, సూర్యాస్తమయం నుంచి అర్ధరాత్రి లోపు పెట్టాలి, అదీ మునిసిపాలిటీ అమ్మే సంచుల్లోనే. సెందాయ్‌లో ఆకుపచ్చ సంచి, ఎర్ర సంచి వేరు, శీను చెప్తాడు. ఊరు మారితే రూలు మారుతుంది కాబట్టి వార్డు ఆఫీసులో ఇచ్చే క్యాలెండర్‌ని ఫ్రిజ్ మీద అంటించండి. పరుపు, కుర్చీ లాంటివి పడేయాలంటే ముందు ఫోన్ చేసి, స్టోర్‌లో స్టిక్కర్ కొని అంటించాలి. వెళ్లిపోయే సీనియర్ సామాన్లు ఊరికే ఇస్తున్నాడంటే ప్రేమ ఒక్కటే కాదు, స్టిక్కర్ డబ్బులు కూడా తప్పుతాయి.

రెండోది చప్పుడు. అద్దె గదుల గోడలు పల్చన. మన వాళ్లు రాత్రి తొమ్మిదికి భోజనాలు చేసి వీడియో కాల్ చేస్తే ఇక్కడ పన్నెండున్నర. గట్టిగా మాట్లాడితే పొద్దున్నే మేనేజ్‌మెంట్ కంపెనీ నుంచి చీటీ వస్తుంది. ఎవరు కంప్లెయింట్ చేశారో ఉండదు. పక్కింటాయన ఎదురుపడితే నవ్వుతూ గుడ్‌మార్నింగ్ చెప్తాడు, ఆయనేనని మీకూ తెలుసు. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి, సాయంత్రం ఐదారు గంటలకి చేయమని.

సెందాయ్_శీను
11 నవంబర్ 2025

అవును, ఆకుపచ్చది మామూలు చెత్తకి, ఎర్రది ప్లాస్టిక్‌కి. బాబాయ్ సైకిల్ అన్నారు కాబట్టి: కొన్న రోజే రిజిస్ట్రేషన్ చేయించండి, సెకండ్ హ్యాండ్ అయితే మీ పేరుకి మార్పించండి. పోలీసులు రాత్రిపూట ఆపి నంబర్ చూస్తారు, వేరే పేరు వస్తే గంటసేపు అక్కడే. సైకిల్ తొక్కుతూ ఫోన్ చూస్తే 2024 నవంబర్ నుంచి జైలు లేదా లక్ష యెన్ల దాకా ఫైను. గొడుగు పట్టుకుని తొక్కడం కూడా నేరమే.

విశ్రాంత_మాస్టారు
11 నవంబర్ 2025

మా అబ్బాయి ఇషికావా రాష్ట్రంలో చదువుతున్నాడు. అమ్మాయి వాళ్ల అమ్మగారి కోసం రాస్తున్నాను.

2024 జనవరి 1న నోతో భూకంపం వచ్చింది. అక్కడ సాయంత్రం 4:10, మనకి మధ్యాహ్నం 12:40. తీవ్రత 7.6. కొత్త సంవత్సరం భోజనానికి కూర్చోబోతుంటే టీవీలో చూశాం. ఫోన్ కలవలేదు. మా ఆవిడ ఆ పూట అన్నం ముట్టలేదు. తర్వాత మావాడి నుంచి "బాగానే ఉన్నా, బయట స్కూల్ గ్రౌండులో ఉన్నాం" అని మెసేజ్ వచ్చింది. నోతో ద్వీపకల్పంలో చాలా ఇళ్లు కూలాయి, చాలామంది పోయారు. మావాడు ఉండేది దక్షిణాన, అక్కడ సామాన్లు పడ్డాయి గాని బిల్డింగు నిలబడింది.

అప్పుడు మావాడు చెప్పింది అమ్మగారికి చెప్పండి. 1981 జూన్‌లో అక్కడ బిల్డింగుల రూల్సు గట్టిపరిచారు. గది చూసేటప్పుడు కట్టిన సంవత్సరం అడగాలి. చవకగా ఉంది కదా అని అంతకు ముందు కట్టిన పాత చెక్క ఇంట్లో దిగొద్దు. ఇంకొకటి, కుటుంబమంతా ముందే ఒక మాట అనుకోవాలి: ఫోన్ కాల్ చేయడానికి ప్రయత్నించకుండా, ఒక్క మెసేజ్ పెట్టాలి. ఆ సమయంలో లైన్లన్నీ బిజీ.

ఒక ప్రశ్న నాది. మొన్న జూలై ఎన్నికల్లో "జపనీస్ ఫస్ట్" అన్న పార్టీకి బాగా ఓట్లు పడ్డాయని చదివాను. పిల్లల మీద ఏమైనా ప్రభావం ఉంటుందా?

సెందాయ్_శీను
11 నవంబర్ 2025

మాస్టారూ నమస్కారం. సాన్‌సెయితో పార్టీ సంగతి అడుగుతున్నారు. రోజువారీ బతుకులో నాకైతే తేడా కనపడలేదు, ల్యాబ్‌లో, బజార్లో ఎవరూ ఏమీ అనలేదు. కానీ డబ్బు విషయంలో గాలి మారుతోంది. పీహెచ్‌డీ స్టూడెంట్లకి ప్రభుత్వం ఇచ్చే ఒక పెద్ద పథకంలో జీవన భృతిని 2027 నుంచి జపనీయులకే పరిమితం చేస్తామన్నారు. విదేశీ విద్యార్థుల దగ్గర ఎక్కువ ఫీజు తీసుకునే స్వేచ్ఛ జాతీయ యూనివర్సిటీలకి 2024లోనే వచ్చింది. వచ్చేవాళ్లు పాత బ్లాగుల్లోని లెక్కలు పట్టుకుని రాకూడదు.

భూకంపం గురించి ఒక మాట. ఇక్కడ వార్తల్లో రెండు అంకెలు వస్తాయి. మన వాళ్లకి తెలిసిన తీవ్రత ఒకటి, షిందో ఒకటి. షిందో అంటే మీరున్న చోట ఎంత ఊగిందో చెప్పేది, గరిష్ఠం 7. మూడు అంటే పడుకున్నవాళ్లలో ఎక్కువమందికి మెలకువ వస్తుంది, అంతే. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు ఈ అంకె చెప్పండి, అవతల వాళ్లు కంగారు పడరు. పెద్దది వచ్చే ముందు కొన్ని సెకన్లు ఫోన్లన్నీ ఒకేసారి అరుస్తాయి. మొదటిసారి భూకంపం కన్నా ఆ అరుపుకే ఎక్కువ భయమేస్తుంది.

కంది_క్యాంపస్
12 నవంబర్ 2025

అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదు. బీటెక్ చేసిన అమ్మాయి ఎనిమిది లక్షల యెన్లు పెట్టి లాంగ్వేజ్ స్కూల్‌కి ఎందుకు?

జాతీయ యూనివర్సిటీల్లో ఫీజు ఎక్కువ చోట్ల ఇప్పటికీ ఏడాదికి 5,35,800 యెన్లు. అంటే మాస్టర్స్ ఫీజు లాంగ్వేజ్ స్కూల్ కన్నా తక్కువ! చేరేటప్పుడు ఒకసారి 2,82,000. ఇంగ్లిష్‌లో చెప్పే ఇంజినీరింగ్ మాస్టర్స్ కోర్సులు చాలా ఉన్నాయి. ప్రొఫెసర్‌కి మెయిల్ రాసి, ఆయన ఒప్పుకుంటే అప్లై చేస్తాం. జపాన్ విద్యాశాఖ ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు లేదు, మాస్టర్స్‌కి నెలకు 1,44,000 యెన్లు, విమానం టికెట్ కూడా వాళ్లదే. ఎంబసీ ద్వారా ఒక దారి, యూనివర్సిటీ సిఫార్సుతో ఇంకో దారి. మా ఐఐటీ హైదరాబాద్‌కి జపాన్‌తో మొదటి నుంచీ సంబంధం ఉంది, కంది క్యాంపస్‌లో కొన్ని బిల్డింగులు జైకా (జపాన్ ప్రభుత్వ సహకార సంస్థ) రుణంతో కట్టినవే. జైకా స్కాలర్‌షిప్ మీద మా సీనియర్లు చాలామంది వెళ్లారు. వాళ్లలో ఎవరూ బెంతో డబ్బాలు సర్దలేదు.

నైట్‌షిఫ్ట్_నాని
12 నవంబర్ 2025

బెంతో డబ్బాలు సర్దడం తప్పు పని కాదు బ్రో.

నువ్వు చెప్పిన దారి మంచిదే, ఒప్పుకుంటా. కానీ నీకు ఐఐటీ ముద్ర ఉంది, ప్రొఫెసర్ మెయిల్ తెరుస్తాడు. మా కాలేజీ పేరు చూసి ఎంతమంది జవాబిస్తారు? నాకు బ్యాక్‌లాగులు ఉండేవి. లాంగ్వేజ్ స్కూల్ నుంచి ఎన్4 కన్నా రెండు మెట్లు పైనున్న ఎన్2 తెచ్చుకుని, బీటెక్ డిగ్రీ మీద నేరుగా ఉద్యోగం వీసాకి మారినవాళ్లు నా బ్యాచ్‌లోనే ఉన్నారు. నేను సెన్‌మోన్ స్కూల్లో, అంటే వృత్తి విద్యా కాలేజీలో చేరాను, మంచి ఉద్యోగం చేసుకుంటున్నా. జపనీస్ రాకుండా ఇంగ్లిష్‌లో మాస్టర్స్ చేసి, చివర్లో ఉద్యోగం దొరక్క ఇండియా వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు, వాళ్ల గురించి కూడా చెప్పు.

కంది_క్యాంపస్
12 నవంబర్ 2025

పని తప్పని నేను అనలేదు, ఆ వాక్యం అలా రాకుండా ఉండాల్సింది. భాష విషయంలో నువ్వన్నది నిజం. ఇంటర్వ్యూలు చాలా కంపెనీల్లో జపనీస్‌లోనే. కానీ ఈ అమ్మాయి ముందు రెండు దారులూ పెట్టాలి కదా, కన్సల్టెన్సీకి కమీషన్ వచ్చే దారి ఒక్కటే కాదు.

కొత్తిమీర_కట్ట
12 నవంబర్ 2025

ఇద్దరూ కాస్త ఆగండి. ఆడపిల్లగా ఒకటి రెండు నేను చెప్పాలి.

రాత్రి పదకొండింటికి ఒంటరిగా నడిచి ఇంటికి రావడం ఇక్కడ మామూలే, ఆ స్వేచ్ఛ నాకు మన ఊళ్లో లేదు. అలాగని అంతా బంగారమని అనుకోవద్దు. పొద్దున రద్దీ రైళ్లలో చేతులు వేసేవాళ్లు ఉన్నారు, అందుకే ఆ సమయాల్లో కొన్ని లైన్లలో ఆడవాళ్ల పెట్టె విడిగా ఉంటుంది. దాంట్లోనే ఎక్కండి. చివరి రైలు అర్ధరాత్రి చుట్టూ పోతుంది. తప్పిపోతే ట్యాక్సీకి రెండు రోజుల పార్ట్‌టైమ్ డబ్బులు పోతాయి. గది గ్రౌండ్ ఫ్లోర్‌ది తీసుకోవద్దు, చవకగా ఇస్తారు, బట్టలు ఆరేసుకోలేం.

నైట్ షిఫ్టు మాత్రం మొదటి ఏడాది వద్దంటాను. నానీ, నిన్ను అనడం లేదు. ఫ్యాక్టరీలో జపనీస్ మాట్లాడే అవసరమే రాదు, ఏడాది తర్వాత చూస్తే భాష అక్కడే ఉంటుంది. హోటల్లో గిన్నెలు కడిగినా పక్కన జపనీయులు ఉన్న చోట చేరితే మాట వస్తుంది. వాక్యం వరుస మన తెలుగులాగే చివర క్రియతో నడుస్తుంది కాబట్టి మాట్లాడటం మనకి త్వరగానే వస్తుంది, కంజీలు వేరే కథ.

చలి కూడా. టోక్యోలో మైనస్ డిగ్రీలు ఉండవని స్వెట్టర్‌తో వస్తారు. బయట చలి కాదు సమస్య, గదిలో చలి. చాలా అపార్ట్‌మెంట్లలో గోడలకి చలిని ఆపే శక్తి లేదు, హీటర్ ఆపిన అరగంటకి ముక్కు గడ్డకడుతుంది. ఫిబ్రవరి నుంచి దేవదారు పుప్పొడి ఎగురుతుంది, మొదటి ఏడాది ఏమీ కాదు, తర్వాత తుమ్ములు మొదలవ్వచ్చు.

నైట్‌షిఫ్ట్_నాని
12 నవంబర్ 2025

అక్కా, మీరన్నది నిజమే. నాకు భాష వచ్చింది ఫ్యాక్టరీ మానేసి ఇజకాయాలో, అంటే మందూ తిండీ దొరికే హోటల్లో చేరాకే. తాగినవాళ్లు ఓపిగ్గా మాట్లాడతారు.

మున్నేరు_అమ్మాయి
15 నవంబర్ 2025

అందరివీ ప్రింట్ తీసి ఇంట్లో చదివాం. మాస్టారు గారి పోస్టు అమ్మ రెండుసార్లు చదివింది. షిందో అంటే ఏంటో ఇప్పుడు నాకంటే తనకే బాగా తెలుసు.

నిన్న కన్సల్టెన్సీకి వెళ్లాం. స్కూల్ ఫీజు ఎంత, డార్మ్ ఎంత, వాళ్ల కమీషన్ ఎంత, విడివిడిగా కాగితం మీద రాసివ్వమని నాన్న అడిగారు. రెండు లక్షల మాట కూడా రాసివ్వమన్నారు. "అది స్టూడెంట్ కష్టాన్ని బట్టి సార్" అన్నారు. సీఓఈ రాకపోతే ఎంత వెనక్కిస్తారో మాత్రం రాసిచ్చారు. స్కూల్ వాళ్లకి నేనే నేరుగా మెయిల్ పెట్టాను, రైలు రాయితీ లేదని జవాబొచ్చింది.

సీఓఈ వచ్చేదాకా ఎలాగూ మూడు నెలలు ఉంది. ఈలోగా ప్రొఫెసర్లకి రాస్తున్నా. ఎవరైనా ఒప్పుకుంటే ఏప్రిల్ వదిలేస్తాను, లేదంటే ఫీజు మొత్తం ఇక్కడి నుంచే కట్టి వెళ్తాను, నాన్న దానికి ఒప్పుకున్నారు. కంది అన్నా, మెయిల్ ఎలా రాయాలో ఒకసారి చూస్తారా? ఎంబెడెడ్ సిస్టమ్స్‌లో ప్రాజెక్ట్ చేశాను, సీజీపీఏ 7.8.

కంది_క్యాంపస్
15 నవంబర్ 2025

ఇక్కడే పెట్టండి, అందరికీ పనికొస్తుంది. ఒకే మెయిల్ యాభై మందికి పంపకండి, వాళ్లకి తెలిసిపోతుంది. ఆయన ఈమధ్య రాసిన పేపర్ ఒకటి చదివి, అందులో మీకు అర్థమైన ఒక విషయం మీద నాలుగు లైన్లు రాయండి. ప్రాజెక్ట్ గురించి అర పేజీ. "మీ స్కాలర్‌షిప్ ఎంత" అని మొదటి మెయిల్‌లో అడగొద్దు.

సెందాయ్_శీను
15 నవంబర్ 2025

డిసెంబర్ 20 లోపు పంపేయండి. ఆ తర్వాత ఏడాది చివరి సెలవులు, జనవరి మొదటి వారం దాకా ఎవరూ చూడరు. ఫిబ్రవరిలో మాస్టర్స్ వాళ్ల థీసిస్ డిఫెన్సులు, అప్పుడూ చూడరు.